కంటిన్యువమ్ మెకానిక్స్ స్వీకృతాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్ట్రెస్ టెన్సర్ (వస్తువు లోపల ఒక భాగం పక్క భాగాన్ని యూనిట్ వైశాల్యానికి ఎంత బలంతో, ఏ దిశలో నెడుతుందో చెప్పే రాశి) సిమెట్రిక్‌గా ఎందుకు ఉండాలి, న్యూటన్ నియమాలు ఉండగా మళ్ళీ కొత్త స్వీకృతాలు (నిరూపించకుండా మొదట్లోనే ఒప్పుకునే నియమాలు) దేనికి, పదార్థం అంతా అణువులే అయినప్పుడు ఈ నిరంతరత ఏమిటి. ఘనాలు, ద్రవాలు, వాయువులు ఎలా కదులుతాయో, ఎలా వికృతం అవుతాయో పదార్థాన్ని నిరంతరంగా చూసి చెప్పే ఈ సబ్జెక్టు మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ ఇవే అడుగుతారు. పాఠాల్లో వీటిని రెండు వాక్యాల్లో దాటేసి సమీకరణాల్లోకి వెళ్ళిపోతారు కాబట్టి సందేహం అలాగే ఉండిపోతుంది, రెండేళ్ళ తర్వాత మళ్ళీ అదే ప్రశ్నగా బయటికి వస్తుంది. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

స్వీకృతాలు లేకుండానే లెక్కలు వస్తున్నాయి కదా, ఇవన్నీ ఎందుకు?

లెక్కలు వస్తాయి, నిజమే. ఆయిలర్ 1750ల్లో ప్రవాహుల సమీకరణాలు రాసినప్పుడు గానీ, కోషీ 1820ల్లో స్ట్రెస్ సిద్ధాంతం కట్టినప్పుడు గానీ ముందు స్వీకృతాల జాబితా పెట్టుకుని మొదలుపెట్టలేదు. చిక్కు వచ్చేది లెక్క తప్పినప్పుడు. ఒక పాలిమర్ ద్రావణంలో కడ్డీ పెట్టి తిప్పితే ద్రవం గుంటపడకుండా కడ్డీ మీదికి ఎక్కుతుంది, దీన్ని వైసెన్‌బర్గ్ ఎఫెక్ట్ అంటారు. మామూలు స్నిగ్ధ (జిగట) ద్రవాల ప్రవాహానికి వాడే నావియర్–స్టోక్స్ సమీకరణాలు దీన్ని చెప్పలేవు. అప్పుడు ఏది తప్పయినట్టు? ద్రవ్యవేగ (ద్రవ్యరాశి ఇంటూ వేగం) నియమమా, స్ట్రెస్ అనే ఊహే తప్పా, లేక స్ట్రెస్‌కీ ప్రవాహం తీరుకీ మధ్య మనం రాసుకున్న సంబంధమా? మూడోదే. మొదటి రెండూ చెక్కుచెదరలేదు. అన్ని వస్తువులకూ వర్తించేదాన్నీ, ఈ ఒక్క పదార్థానికే వర్తించేదాన్నీ విడదీసి చూపించడమే స్వీకృతాల అసలు పని, అది చేయకపోతే ఎక్కడ సరిచేయాలో తెలియదు.

ఈ ఆలోచన ఎవరిది, ఎప్పటిది?

1900లో పారిస్‌లో హిల్బర్ట్ తన ప్రసిద్ధ సమస్యలు వినిపించినప్పుడు అందులో ఆరోది భౌతికశాస్త్రానికి స్వీకృతాలు కట్టమనేది, ముందుగా సంభావ్యత, మెకానిక్స్ అని పేరు పెట్టి మరీ అడిగాడు. 1908లో గెయోర్గ్ హామెల్ మెకానిక్స్‌కి ఒక ప్రయత్నం చేశాడు. తర్వాత చాలాకాలం ఈ పని పక్కన పడిపోయింది. మళ్ళీ ఊపందుకున్నది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, క్లిఫర్డ్ ట్రూస్డెల్, వాల్టర్ నోల్, వాళ్ళ చుట్టూ చేరిన గణిత శాస్త్రజ్ఞుల వల్ల. నోల్ 1957 చివర్లో బర్కిలీలో స్వీకృత పద్ధతి మీద జరిగిన సదస్సులో చదివిన పత్రం, 1959లో అచ్చయింది, మనం ఇప్పుడు వాడే చట్రానికి దాదాపు అదే పునాది.

న్యూటన్ మూడు నియమాలు చాలవా?

కణాలకైతే చాలావరకు చాలు. వ్యాపించి ఉన్న వస్తువు దగ్గరికొచ్చేసరికి రెండు చోట్ల ఖాళీ కనిపిస్తుంది. ఒకటి, నియమం ఏ భాగానికి రాయాలి అన్నది. మొత్తం వస్తువుకి రాస్తే లోపల ఏం జరుగుతుందో తెలియదు. వస్తువులోంచి మనసులో ఏ భాగాన్ని కోసి చూసినా దానికి కూడా నియమం వర్తించాలి అని ఆయిలర్ పట్టుకున్నాడు, అసలు మలుపు అదే. రెండోది, భ్రమణం. కోణీయ ద్రవ్యవేగ నియమాన్ని కణాల మెకానిక్స్ నుంచి రాబట్టాలంటే కణాల మధ్య బలాలు వాటిని కలిపే గీత వెంటే పనిచేస్తాయని ఒప్పుకోవాలి, అలా ఒప్పుకోవడానికి సాధారణంగా ఏ ఆధారమూ లేదు. 1776లో అచ్చయిన పత్రంలో ఆయిలర్ ద్రవ్యవేగ నియమం, కోణీయ ద్రవ్యవేగ నియమం రెంటినీ పక్కపక్కనే, సమాన హోదాలో పెట్టాడు. ఈ రెంటినీ ఆయిలర్ నియమాలు అనడం న్యాయం.

పదార్థం అణువులతో చేసిందని తెలిసీ నిరంతరం అనుకోవడం అబద్ధం కాదా?

పదార్థం నిజంగా నిరంతరమని ఈ సిద్ధాంతం ఎక్కడా అనదు. సాంద్రత, వేగం, స్ట్రెస్ లాంటివి స్థలంలో ప్రతి బిందువు దగ్గరా విలువ ఉన్న ఫీల్డులుగా రాయొచ్చు అని మాత్రమే అంటుంది. మామూలు పీడనం, ఉష్ణోగ్రత దగ్గర గాలిలో ఒక మైక్రోమీటరు భుజం ఉన్న ఘనంలో సుమారు 2.5 కోట్ల అణువులు ఉంటాయి, సగటు తీసుకోవడానికి అది బోలెడు. అదే గాలిలో ఒక అణువు మరోదాన్ని ఢీకొనే లోపు సగటున పోయే దూరం సుమారు 70 నానోమీటర్లు. ఈ దూరాన్ని మన సమస్యలోని పొడవుతో భాగిస్తే వచ్చేది నుడ్సెన్ సంఖ్య, అది 0.01 లోపు ఉంటే ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు. అంటే గాలికి కొన్ని మైక్రోమీటర్ల దాకా ఏ టెన్షన్ లేదు. చాలా ఎత్తున ఉన్న పలచని వాతావరణంలోనో, అతి సన్నని గొట్టాల్లోనో సంఖ్య పెరిగిపోతుంది, అక్కడ ఈ ఫీల్డుల భాష వదిలేయాల్సిందే.

## వస్తువు, చలనం

"బాడీ" అంటే స్థలంలో ఒక ప్రాంతమే కదా? వేరే నిర్వచనం ఎందుకు?

వస్తువు కదులుతుంది, ప్రాంతం కదలదు. ఈ క్షణంలో అది ఆక్రమించిన ప్రాంతం వేరు, వచ్చే క్షణంలో వేరు, కానీ వస్తువు ఒకటే. అందుకే నోల్ బాడీని ముందు విడిగా నిర్వచిస్తాడు: దానికి భాగాలు ఉంటాయి, ప్రతి భాగానికీ ద్రవ్యరాశి ఉంటుంది, దాన్ని స్థలంలో ఉంచే రకరకాల అమరికలు ఉంటాయి. రెండు భాగాలను కలపొచ్చు, ఉమ్మడి భాగం తీసుకోవచ్చు, ఒక భాగానికి బయట ఉన్నదంతా ఒక భాగంగా చూడొచ్చు. బూలియన్ బీజగణితం తెలిసినవాళ్ళకి ఇది వెంటనే గుర్తుకొస్తుంది, నిజంగా అదే నిర్మాణం. బలం అనేది ఒకదానితో ఒకటి అతివ్యాపించని రెండు భాగాల జతకి ఇచ్చే సదిశ.

భాగం అంటే ఎలాంటి ఆకారమైనా తీసుకోవచ్చా?

తీసుకోలేం. ఉపరితలం మీద లంబ దిశ తెలియాలి, ఉపరితలం మీది ఇంటిగ్రల్‌ని లోపలి ఘనపరిమాణం మీది ఇంటిగ్రల్‌గా మార్చే గాస్ సిద్ధాంతం పనిచేయాలి. పోనీ నున్నటి ఉపరితలాలున్న ప్రాంతాలే తీసుకుందాం అంటే ఇంకో ఇబ్బంది: అలాంటి రెండింటి ఉమ్మడి భాగం నున్నగా ఉండనక్కర్లేదు, లెక్కలేనన్ని చిన్న ముక్కలుగా కూడా విడిపోవచ్చు. భాగాలను కలిపినా, ఉమ్మడి తీసుకున్నా అదే కుటుంబంలో ఉండాలి కదా. 1979లో బాన్ఫీ, ఫాబ్రిత్సియో పరిమిత చుట్టుకొలత ఉన్న సెట్లను వాడమన్నారు, 1988లో నోల్, విర్గా ఆ దారినే "ఫిట్ రీజియన్లు" అనే కుటుంబాన్ని ఖరారు చేశారు. ఇంజనీరింగ్ లెక్కలకు ఇది అవసరం రాదు. కానీ "ప్రతి భాగానికీ" అనే మాట స్వీకృతంలో ఉన్నప్పుడు, భాగం అంటే ఏమిటో చెప్పకుండా వదిలేయడం నాకు సబబుగా అనిపించదు.

డిఫర్మేషన్ గ్రేడియెంట్ (ఒక బిందువు చుట్టూ ఉన్న చిన్న ముక్క ఎలా సాగి, తిరిగిందో చెప్పే మాత్రిక) డిటర్మినెంట్ సున్నా కన్నా ఎక్కువ ఉండాలంటారు. అది పెడితే వస్తువు తనలోకి తాను చొచ్చుకుపోదని గ్యారంటీయేనా?

కాదు. ఆ షరతు ప్రతి బిందువు చుట్టూ ఉన్న చిన్న ముక్క గురించే మాట్లాడుతుంది: ఘనపరిమాణం సున్నా కాకూడదు, అద్దంలో ప్రతిబింబంలా తిరగబడకూడదు. ఒక పొడుగాటి పట్టీని గుండ్రంగా వంచి, రెండు కొసలూ ఒకే చోటుకి వచ్చేలా ఒకదాంట్లోకి ఒకటి జొప్పించామనుకోండి, డిటర్మినెంట్ ప్రతిచోటా ధనాత్మకంగానే ఉంటుంది, అయినా రెండు పదార్థ బిందువులు ఒకే స్థానంలో ఉన్నాయి. దీన్ని ఆపాలంటే మొత్తం వస్తువు మీద షరతు కావాలి. 1987లో సియార్లే, నెచాస్ ఇచ్చిన షరతు చాలా సూటిగా ఉంటుంది: డిటర్మినెంట్ ఇంటిగ్రల్, వస్తువు ఇప్పుడు ఆక్రమించిన ప్రాంతపు ఘనపరిమాణాన్ని మించకూడదు.

## బలాలు, స్ట్రెస్

స్ట్రెస్ టెన్సర్ ఉందని చూపే కోషీ చతుర్ముఖి (నాలుగు ముఖాల ఆకారం) వాదనలో గురుత్వాన్నీ త్వరణాన్నీ ఎందుకు వదిలేస్తాం? అది ఉజ్జాయింపు కాదా?

ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన అవధి. ఒకసారి అంకెలతో చూడండి. నీటిలో మూడు లంబ అంచులు ఒక్కొక్కటి 1 మిల్లీమీటరు ఉన్న చతుర్ముఖిని ఊహించుకోండి. దాని ఘనపరిమాణం ఘన మిల్లీమీటరులో ఆరో వంతు, బరువు సుమారు 0.0000016 న్యూటన్లు. ఒక లంబ ముఖం వైశాల్యం అర చదరపు మిల్లీమీటరు, వాతావరణ పీడనం దాని మీద నెట్టే బలం సుమారు 0.05 న్యూటన్లు. అంటే ముఖం మీది బలం బరువుకి 30 వేల రెట్లు. అంచును 0.1 మిల్లీమీటరు చేస్తే 3 లక్షల రెట్లు. వైశాల్యం పొడవు వర్గంతోనూ, ఘనపరిమాణం పొడవు ఘనంతోనూ తగ్గుతాయి కాబట్టి ఈ నిష్పత్తికి అంతు లేదు. త్వరణం విషయమూ అంతే, అది ఘనపరిమాణంతో పోతుంది.

అవధిలో మిగిలేది ఒక్కటే: నాలుగు ముఖాల మీది బలాలు వాటికవే సమతుల్యం కావాలి. ఏటవాలు ముఖం వైశాల్యంతో పోలిస్తే మిగతా మూడు ముఖాల వైశాల్యాలు దాని లంబ దిశ మూడు భాగాంశాలే. కాబట్టి ఏటవాలు ముఖం మీది ట్రాక్షన్ (యూనిట్ వైశాల్యం మీది బలం) ఆ లంబ దిశ మీద సరళంగా ఆధారపడి తీరాలి, అలా ఆధారపడే పరివర్తననే స్ట్రెస్ టెన్సర్ అంటున్నాం. ఇందులో పదార్థం పేరు ఎక్కడా రాలేదని గమనించండి. ఉక్కైనా, తేనైనా, గాలైనా ఇదే. 1822లో కోషీ పారిస్ అకాడమీకి దీని సంగతి తెలియజేశాడు, నా ఉద్దేశంలో మొత్తం సబ్జెక్టులో ఇంత తక్కువ ఊహతో ఇంత ఎక్కువ రాబట్టిన వాదన మరోటి లేదు.

ట్రాక్షన్ ఉపరితలం వంపు మీద ఆధారపడదు, లంబ దిశ మీదే ఆధారపడుతుంది అన్నది స్వీకృతమా, సిద్ధాంతమా?

కోషీ దాన్ని ఊహగా తీసుకున్నాడు, అందుకే చాలా పాఠాల్లో "కోషీ పాస్టులేట్" అని ఉంటుంది. నోల్ దాన్ని సిద్ధాంతంగా నిరూపించాడు: ఉపరితల బలం వైశాల్యానికి, బాడీ బలం (గురుత్వంలా లోపలంతా పనిచేసేది) ఘనపరిమాణానికి అనుపాతంలో హద్దులో ఉంటే, ద్రవ్యవేగ సమతుల్యత నుంచే ఇది వస్తుంది. ఒకే బిందువు దగ్గర ఒకే లంబ దిశతో తాకుకునే రెండు ఉపరితలాలు, ఒకటి చదునుగా, ఒకటి వంపుగా ఉన్నాయనుకోండి. వాటి మధ్య ఇరుక్కున్న సన్నని ముక్కకి సమతుల్యత రాసి కుదించుకుంటూ పోతే రెండింటి మీదా ట్రాక్షన్ ఒకటే అని తేలుతుంది. మరి అంచుల మీద కూడా బలం ఉంటుందని ఒప్పుకుంటే? అప్పుడు హద్దు షరతు చెడుతుంది, వంపు మీద ఆధారపడటం నిజంగానే వస్తుంది. స్ట్రెయిన్ గ్రేడియెంట్లు (స్ట్రెయిన్, అంటే వికృతి కొలత, చోటు చోటుకీ మారే రేట్లు) లెక్కలోకి తెచ్చే పదార్థాల సిద్ధాంతాల్లో జరిగేది అదే.

న్యూటన్ మూడో నియమం స్వీకృతాల్లో కనిపించదేం?

దాన్ని రాబట్టొచ్చు కాబట్టి. ఒకదాన్నొకటి అతివ్యాపించని రెండు భాగాలు క, ఖ అనుకోండి, ఈ రెంటికీ బయట ఉన్న మిగతా ప్రపంచం అంతా గ. జడత్వాన్ని కూడా బలంగా లెక్కేసుకుంటే ప్రతి భాగం మీదా మొత్తం బలం సున్నా. క మీద ఖ బలం, గ బలం కలిపితే సున్నా. ఖ మీద క బలం, గ బలం కలిపితే సున్నా. క, ఖ కలిసిన భాగం మీద బయటినుంచి పనిచేసేది గ ఒక్కటే, అదీ సున్నా, ఆ బలం క మీద గ బలానికీ ఖ మీద గ బలానికీ మొత్తం. మొదటి రెండూ కూడి మూడోది తీసేయండి. క మీద ఖ బలం, ఖ మీద క బలం, రెండూ కలిసి సున్నా. చర్య, ప్రతిచర్య వచ్చేసింది. వాడింది రెండే: బలాలు భాగాలకి కూడికగా ఉండటం, ప్రతి భాగానికీ సమతుల్యత.

## సమతుల్యత నియమాలు

అసలు స్వీకృతంగా తీసుకునేవి ఏవి, ఒక్క ముక్కలో చెప్పండి.

ద్రవ్యరాశి నిత్యత్వం, ద్రవ్యవేగం, కోణీయ ద్రవ్యవేగం, శక్తి, వీటికి తోడు ఎంట్రోపీ అసమానత (ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమం). ఐదూ బాడీలోని ప్రతి భాగానికీ, ప్రతి క్షణానికీ రాస్తారు. ఉష్ణోగ్రత ప్రసక్తి లేని సమస్యల్లో మొదటి మూడే చాలు.

స్ట్రెస్ టెన్సర్ సిమెట్రిక్‌గా లేకపోతే ఏమవుతుంది?

చిన్న ఘనాలు పిచ్చెక్కినట్టు తిరగాల్సి వస్తుంది. నీటిలో 1 మిల్లీమీటరు భుజం ఉన్న ఘనం తీసుకోండి, పక్కపక్క ముఖాల మీది రెండు షియర్ స్ట్రెస్‌ల (ముఖం వెంట జరిపే స్ట్రెస్‌ల) మధ్య కేవలం 1 పాస్కల్ తేడా ఉందనుకోండి, వాతావరణ పీడనంలో అది లక్షో వంతు. ఆ తేడా ఇచ్చే టార్క్ భుజం ఘనానికి అనుపాతం. జడత్వ భ్రామకమేమో భుజం ఐదో ఘాతానికి. భాగిస్తే కోణీయ త్వరణం 6 ని సాంద్రతతోనూ భుజం వర్గంతోనూ భాగించినంత, మన ఘనానికి సెకను వర్గానికి 6,000 రేడియన్లు. భుజం 0.1 మిల్లీమీటరైతే 6 లక్షలు. ఇంకా చిన్నదైతే ఇంకా ఎక్కువ, ఎక్కడా ఆగదు. ఇది అసాధ్యం కాబట్టి తేడా సున్నా కావాలి.

ఈ వాదన ఒక షరతు మీద నిలబడి ఉంది, దాన్ని చాలామంది చెప్పరు: ఉపరితలం మీద బలమే ఉంది, విడిగా టార్క్ లేదు, లోపల కూడా విడి టార్క్ లేదు. కోసెరా సోదరులు 1909లో ఆ షరతు తీసేసి, ప్రతి బిందువుకీ సొంత భ్రమణం ఇచ్చి, కపుల్ స్ట్రెస్‌లతో (యూనిట్ వైశాల్యం మీది టార్క్‌లతో) సిద్ధాంతం కట్టారు, అక్కడ స్ట్రెస్ సిమెట్రిక్ కాదు. ద్రవ స్ఫటికాలు, గుళికలు గుళికలుగా ఉండే పదార్థాల అధ్యయనంలో ఈ దారి పనికొస్తుంది. కాబట్టి సిమెట్రీ అనేది ప్రకృతి శాసనం కాదు, టార్క్‌ల గురించి మనం ఒప్పుకున్నదాని ఫలితం.

బలాల సమతుల్యతను కూడా ఇంకా లోతైనదాని నుంచి రాబట్టొచ్చా?

రాబట్టొచ్చు. 1963లో నోల్ చూపించిన దారి ఇది: బలాలు వస్తువు మీద పనిచేసే రేటు, అంటే పవర్, ఎవరు చూసినా ఒకటే కావాలి అని మాత్రం స్వీకరించండి. ఒక పరిశీలకుడికి నిలకడగా ఉన్నది ఇంకొకరికి జరుగుతూ, తిరుగుతూ కనిపిస్తుంది. వేగానికి ఏ స్థిర సదిశ కలిపినా పవర్ మారకూడదంటే మొత్తం బలం సున్నా కావాలి. ఏ భ్రమణ వేగం కలిపినా మారకూడదంటే మొత్తం టార్క్ సున్నా కావాలి. ఒక్క స్వీకృతం నుంచి రెండు నియమాలూ! 1964లో గ్రీన్, రివ్లిన్ శక్తి సమతుల్యత నుంచి ఇదే తీరులో ఫలితం తెచ్చారు. ఏది పునాది, ఏది ఫలితం అన్నది మన ఎంపికే, నాకైతే పవర్ దారి ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే కొత్త రకం పదార్థం వచ్చినప్పుడు ఏ కొత్త బలం రాయాలో ముందే ఊహించక్కర్లేదు, పవర్‌లో ఏ వేగాలు వస్తాయో చెబితే బలాలు వాటి వెనకే వస్తాయి.

మరి ద్రవ్యరాశి ఇంటూ త్వరణం ఎక్కడికి పోయింది? జడత్వం బలమా?

ఈ చట్రంలో అవును, బాహ్య బలాల్లో ఒకటి. త్వరణం పరిశీలకుడిని బట్టి మారుతుంది, బలం మారకూడదు, ఈ రెండూ ఒకే సమీకరణంలో నేరుగా పెడితే పొసగదు. నోల్ జడత్వాన్ని దూరంగా ఉన్న మిగతా విశ్వం వస్తువు మీద చూపే బలంగా పెడతాడు. ఆ బలం ఏ చట్రంలో "మైనస్ ద్రవ్యరాశి ఇంటూ త్వరణం" అనే సాదా రూపం తీసుకుంటుందో ఆ చట్రాన్నే ఇనర్షియల్ అంటాం. మామూలు లెక్కల్లో దీనివల్ల ఒక్క అంకె కూడా మారదు.

## పదార్థం గురించిన స్వీకృతాలు

సమతుల్యత నియమాలు ఉన్నాక పదార్థ నియమం ఇంకా ఎందుకు?

లెక్కపెట్టండి. తెలియనివి: సాంద్రత 1, వేగం 3, సిమెట్రిక్ స్ట్రెస్ 6, మొత్తం 10. ఉన్న సమీకరణాలు: ద్రవ్యరాశి 1, ద్రవ్యవేగం 3, మొత్తం 4. కోణీయ ద్రవ్యవేగం స్ట్రెస్‌ని 9 నుంచి 6కి తగ్గించడంలోనే ఖర్చయిపోయింది. ఇంకా 6 కావాలి, వాటిని పదార్థమే చెప్పాలి. నీటికీ ఉక్కుకీ ద్రవ్యవేగ సమీకరణం ఒకటే, తేడా అంతా ఈ ఆరింటిలో ఉంది.

పదార్థ నియమాన్ని మన ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చా?

రాసుకోలేం, నోల్ 1958లో మూడు హద్దులు పెట్టాడు. ఇప్పటి స్ట్రెస్ ఇప్పటిదాకా జరిగిన చలనం మీదే ఆధారపడాలి, జరగబోయేదాని మీద కాదు. ఒక బిందువు దగ్గరి స్ట్రెస్‌ని ఆ బిందువు చుట్టుపక్కల ఎంత చిన్న ప్రాంతపు చలనమైనా నిర్ణయించాలి, దూరపు భాగాలు కాదు. మూడోది, పరిశీలకుడు మారితే నియమం మారకూడదు. డిఫర్మేషన్ గ్రేడియెంట్ చరిత్ర ఒక్కటే సరిపోయే పదార్థాన్ని "సింపుల్ మెటీరియల్" అన్నాడు, హుక్ నియమం పాటించే ఘనాలు, న్యూటన్ తరహా స్నిగ్ధ ద్రవాలు, పాత చలనాన్ని గుర్తుపెట్టుకునే పాలిమర్లు కూడా అందులోకే వస్తాయి.

ఫ్రేమ్ ఇండిఫరెన్స్ అంటే ఏమిటి? గెలీలియో సూత్రమే కదా?

దాని కన్నా బలమైనది. గెలీలియో సూత్రం స్థిర వేగంతో పోయే పరిశీలకుల గురించి. ఇక్కడ పరిశీలకుడు ఎలా తిరుగుతున్నా, ఎలా కుదుపులతో కదులుతున్నా సరే, పదార్థ నియమం ఒకటే రూపంలో ఉండాలి. ద్రవ్యవేగ సమీకరణానికి ఈ షరతు పెట్టం, అక్కడ తిరిగే చట్రంలో అపకేంద్ర, కొరియాలిస్ పదాలు వస్తాయి. షరతు పదార్థ నియమానికి మాత్రమే.

పాటించకపోతే ఏమవుతుందో చూడండి. ఒక ఉక్కు పలకని ఏమాత్రం వంచకుండా, సాగదీయకుండా 10 డిగ్రీలు తిప్పండి. అందరూ నేర్చుకునే చిన్న స్ట్రెయిన్ సూత్రంలో ఈ చలనం పెడితే రెండు దిశల్లోనూ కొసైన్ 10 మైనస్ 1, అంటే సుమారు మైనస్ 0.015 స్ట్రెయిన్ చూపిస్తుంది. ఉక్కు యంగ్ గుణకం సుమారు 200 గిగాపాస్కల్స్ కాబట్టి స్ట్రెస్ 3 గిగాపాస్కల్స్‌కి మించిపోతుంది, మెత్తని ఉక్కు 250 మెగాపాస్కల్స్ దగ్గరే లొంగిపోతుంది. ఊరికే తిప్పినందుకు పలక నలిగిపోయినట్టు లెక్క చెబుతోంది! అందుకే పెద్ద భ్రమణాలున్నచోట డిఫర్మేషన్ గ్రేడియెంట్‌ని దాని ట్రాన్స్‌పోజ్‌తో గుణించి వచ్చే మాత్రికను వాడతారు, అది భ్రమణాన్ని పూర్తిగా తీసిపారేస్తుంది.

ఈ సూత్రం మీద వివాదం ఉందని విన్నాను, నిజమా?

నిజమే. 1972లో ఇంగో ముల్లర్ వాయువుల గతిజ సిద్ధాంతం నుంచి లెక్కించి, తిరిగే చట్రంలో స్ట్రెస్, ఉష్ణ ప్రవాహాల సంబంధాలు భ్రమణం మీద ఆధారపడతాయని చూపించాడు. అణువు స్వేచ్ఛగా ఎగిరే ఆ కొద్ది సమయంలో దాని దారి మీద కొరియాలిస్ ప్రభావం పడుతుంది కాబట్టి ఇది అర్థం చేసుకోదగ్గదే. మామూలు సాంద్రతల్లో, మామూలు భ్రమణ వేగాల్లో ఆ ప్రభావం అతి స్వల్పం. నేను దీన్ని ఇలా తీసుకుంటాను: ఫ్రేమ్ ఇండిఫరెన్స్ సమతుల్యత నియమాల స్థాయిది కాదు, చాలా విస్తృతంగా పనిచేసే పదార్థ ఊహ. దాన్ని విడిగా పేరు పెట్టి రాసుకోవడం వల్లే ఈ వివాదం ఇంత స్పష్టంగా జరగగలిగింది.

ఘనం, ద్రవం తేడా స్వీకృతాల భాషలో ఎలా చెబుతారు?

ముందుగా పదార్థాన్ని ఏయే విధాలుగా వికృతం చేస్తే ఆ తర్వాతి ప్రవర్తనలో తేడా తెలియదు అన్న ప్రశ్నతో. ద్రవానికి సాంద్రత మార్చని ఏ వికృతి చేసినా తేడా తెలియదు. ఘనానికి భ్రమణాలు మాత్రమే, అవీ కొన్నే కావచ్చు, స్ఫటికం దిశ గుర్తుపెట్టుకుంటుంది కదా.

## ఎంట్రోపీ దగ్గర

రెండో నియమం అసమానత మాత్రమే, దాన్నుంచి సమీకరణాలు ఎలా వస్తాయి?

1963లో కోల్‌మన్, నోల్ తెచ్చిన దృష్టి ఇది: రెండో నియమాన్ని చలనాల మీద షరతుగా చూడొద్దు, పదార్థ నియమం మీద షరతుగా చూడండి. ఏ చలనం, ఏ ఉష్ణోగ్రత మార్పు ఊహించినా దానికి తగిన బాడీ బలం, ఉష్ణ సరఫరా పెట్టి సాధ్యం చేయొచ్చు. అంటే వాటి రేట్లు మన ఇష్టం. అసమానతలో ఒక పదం అలా ఇష్టం వచ్చినట్టు మారే రేటుతో గుణించి ఉంటే, ఆ రేటుకి గుర్తు మార్చి, ఎంత పెద్దదైనా చేయొచ్చు, కాబట్టి దాని గుణకం సున్నా కాకపోతే అసమానత నిలవదు. ఆ సున్నాలే మనకి సమీకరణాలు: సాగే పదార్థంలో స్ట్రెస్ స్వేచ్ఛా శక్తి ఫలనం అవకలజంగానే రావాలి, ఎంట్రోపీ అదే ఫలనానికి ఉష్ణోగ్రత పరంగా అవకలజానికి మైనస్ గుర్తు పెట్టినదిగా రావాలి. మిగిలే అసమానత నుంచి స్నిగ్ధత రుణాత్మకం కాకూడదని, వేడి వెచ్చని వైపు నుంచి చల్లని వైపుకే పోవాలని వస్తాయి.

బాడీ బలాన్ని, ఉష్ణ సరఫరాని అలా స్వేచ్ఛగా ఊహించుకోవడం ఏమిటని అడిగినవాళ్ళు ఉన్నారు, న్యాయమైన ప్రశ్నే. ముల్లర్, 1972లో ఐ-షి లియు, సమతుల్యత నియమాలను లగ్రాంజ్ గుణకాలతో అసమానతలోకి తెచ్చే పద్ధతి ఇచ్చారు, దానికి ఆ స్వేచ్ఛ అక్కర్లేదు.

## హద్దుల దగ్గర

షాక్ తరంగంలో అవకలజాలే ఉండవు, అప్పుడు నియమాలు చెల్లవా?

చెల్లుతాయి. స్వీకృతాలు ఇంటిగ్రల్ రూపంలో, భాగాలకి రాసి ఉన్నాయి, అవకలన సమీకరణాలు నున్నగా ఉన్నచోట వాటినుంచి వచ్చిన ఫలితం. విలువలు ఒక్కసారిగా మారిపోయే చోట అదే ఇంటిగ్రల్ నుంచి, షాక్‌కి రెండు వైపులా ఉన్న విలువలను కలిపే రాంకిన్–హ్యూగొనియో షరతులు వస్తాయి.

పగుళ్ళు వస్తే?

పగులు దగ్గర డిఫర్మేషన్ గ్రేడియెంట్ అర్థం కోల్పోతుంది. ఒక దారి పగులు ఉపరితలానికి విడిగా శక్తి ఇచ్చి లెక్కలో పెట్టడం. ఇంకో దారి 2000లో సిల్లింగ్ ప్రతిపాదించిన పెరిడైనమిక్స్: స్థలంలో అవకలజాలు వదిలేసి, కొంత దూరం లోపల ఉన్న బిందువుల జతల మధ్య బలాలను ఇంటిగ్రేట్ చేస్తారు. ఇక్కడ వదిలింది స్థానికతను, ద్రవ్యవేగ సమతుల్యతను కాదు.

స్వీకృతాలు సరిగ్గా ఉంటే సమీకరణాలకి పరిష్కారం ఉన్నట్టేనా?

కాదు, అది వేరే పని, చాలా కష్టమైన పని. మూడు కొలతల్లో నావియర్–స్టోక్స్ పరిష్కారాలు ఎప్పటికీ నున్నగా ఉంటాయా అన్నదానికి క్లే ఇన్‌స్టిట్యూట్ 2000లో 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది, ఇంకా ఎవరూ తీసుకోలేదు. సాగే ఘనాల్లో ఇంకో ముడి ఉంది. పరిష్కారం ఉందని నిరూపించడానికి గణితానికి శక్తి ఫలనం కాన్వెక్స్‌గా (గిన్నెలా పైకి వంగి) ఉంటే హాయి. కానీ ఫ్రేమ్ ఇండిఫరెన్స్, ఘనపరిమాణం సున్నాకి నొక్కితే శక్తి అనంతం కావాలన్న షరతు, ఈ రెండూ కాన్వెక్స్‌ని ఒప్పుకోవు. 1977లో జాన్ బాల్ పాలీకాన్వెక్స్ అనే బలహీనమైన షరతుతో దారి తీశాడు, రబ్బరుకి వాడే చాలా నమూనాలు అందులో ఇముడుతాయి. స్వీకృతం ఒకటి నేరుగా వచ్చి ఏ గణితం వాడాలో శాసించిన సందర్భం ఇది.

ఏ వరసలో నేర్చుకుంటే మంచిది?

ముందు సరళ బీజగణితం, ముఖ్యంగా సిమెట్రిక్ పరివర్తనలు, పోలార్ డికంపోజిషన్ (వికృతిని సాగడం, తిరగడం అని విడదీయడం). తర్వాత చలనం, డిఫర్మేషన్ గ్రేడియెంట్. ఆ పైన చతుర్ముఖి వాదన, దాన్ని పుస్తకం మూసి తెల్లకాగితం మీద మీరే రాయగలిగేదాకా వదలొద్దు. తర్వాత పదార్థ నియమాలు, రెండు మూడు నిజమైన సమస్యలు: రబ్బరు దిమ్మెని షియర్ చేయడం, గొట్టంలో స్నిగ్ధ ప్రవాహం. ఎంట్రోపీ, ఫిట్ రీజియన్లు, బలాల బీజగణితం ఇవన్నీ చివర. స్వీకృతాలు పుస్తకంలో మొదటి అధ్యాయంలో ఉంటాయి గానీ, అవి ఎందుకలా ఉన్నాయో రెండు మూడు సమస్యలు చేతులారా చేశాకే తెలుస్తుంది, కాబట్టి మొదటి అధ్యాయం దగ్గరే నెలల తరబడి ఆగిపోకండి.